ఆపదలో ఆదుకొనే మాటలు

మారేడ్‌పల్లికి చేరువలోని హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ బోల్తాపడితే ఒడ్డున ఉన్నవారు చూసి ఆదుకోగలరు. విశాఖ తీరం దాటి సముద్రంలోకి వెళ్ళిన పడవకు రేడియోయే దిక్కు. అందుకే అందులో పలికే ప్రతి మాటకూ నిర్ణీతమైన అర్థం ఉంది.

ప్రాణాపాయం కలిగినప్పుడు 'మేడే' అని మూడుసార్లు పలకాలి. 'నాకు సాయపడండి' అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాట ఆధారంగా, లండన్ సమీపంలోని క్రాయ్‌డన్ విమానాశ్రయ రేడియో అధికారి మాక్‌ఫర్డ్ 1920లలో దీనిని రూపొందించాడు. 1927లో దీనికి అంతర్జాతీయ ఆమోదం లభించింది. ప్రాణభయం లేని అత్యవసర స్థితిలో 'పాన్ పాన్' అనాలి.

'రోజర్' అంటే 'విన్నాను' అని మాత్రమే. 'అంగీకరించాను' అని కాదు. 'ఓవర్' జవాబును కోరుతుంది. 'అవుట్' సంభాషణను ముగిస్తుంది. రెండింటినీ కలిపి పలకడం పొరపాటు.

ఆపద పిలుపులకు అందరూ వినే 16వ ఛానల్ ఒక్కటే. పరిహాసానికి 'మేడే' అన్నవాడు, నిజంగా మునిగిపోతున్న మరొకరి పిలుపునకు అడ్డుపడినవాడవుతాడు.