పొలంగట్టు ఆర్కిడ్‌ని పోల్చుకోవడం ఎలా?

చిత్తడి నేలలో పూసే ఆర్కిడ్‌ని చూడాలంటే కొండలెక్కనక్కర్లేదు. మైదానాల్లో వరి పొలాల గట్ల మీద, చెరువుల వార, తడి పచ్చికలో జ్యూక్సైన్ స్ట్రాటుమాటికా అనే ఆర్కిడ్ పెరుగుతుంది. జానెడు ఎత్తుంటే గొప్ప. ఆకులు సన్నగా గడ్డిలో కలిసిపోతాయి కనుక చాలామంది తొక్కుకుంటూ పోతారు. పుదుచ్చేరిలో పిల్లలకు మొక్కలు పోల్చడం నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది దీని గురించే.

ముందు ఆకు చూడండి. కాడ ఉండదు, అడుగుభాగం కాండాన్ని తొడుగులా చుట్టుకుని ఉంటుంది. ఎండ తగిలేచోట ఊదా కలిసిన గోధుమరంగు తేలుతుంది. కాండం గడ్డిపోచలా గట్టిగా ఉండదు, మెత్తగా నీరు పట్టినట్టుంటుంది.

చలికాలంలో కొసన ఒత్తుగా తెల్లపూల వెన్ను వేస్తుంది. రంగు చూసి పేరు పెట్టేయకండి. భూతద్దం దగ్గర పెట్టండి. పైనున్న రక్షక పత్రం, రెండు ఆకర్షణ పత్రాలు కలిసి ముసుగులా వంగి ఉంటాయి. కింద పసుపుపచ్చని పెదవి, దాని మొదట్లో చిన్న సంచిలాంటి గుంత. కేసరం, కీలం విడివిడిగా కాక ఒకే స్తంభంగా కలిసిపోవడం ఆర్కిడ్ కుటుంబ లక్షణం. తెల్లపూల హాబెనేరియా ఆర్కిడ్లకు పువ్వు వెనక పొడుగాటి గొట్టం వేలాడుతుంది. దీనికి ఆ గొట్టం ఉండదు. ఈ రెంటినీ వేరుచేయడానికి ఈ ఒక్క తేడా చాలు, మొక్కను తవ్వే పనే లేదు.

1753లో లిన్నేయస్ దీన్ని ఆర్కిస్ ప్రజాతిలో చేర్చాడు. 1911లో వృక్షశాస్త్రవేత్త ష్లెక్టర్ ఇప్పటి పేరు ఖాయం చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త, కన్నడ రచయిత బి.జి.ఎల్. స్వామి ఈ మొక్క పిండోత్పత్తిపై 1946లో అధ్యయనం ప్రచురించారు. పరాగసంపర్కం లేకుండానే ఇది విత్తనం కట్టగలదు. ఆ విత్తనాలు ధూళిలా తేలిక. 1936 నాటికే అమెరికాలో ఫ్లోరిడా పచ్చికల్లో కనిపించిందంటే ఆశ్చర్యమేముంది?

పుదుచ్చేరి దగ్గరి ఊస్టేరి చెరువు వైపు వెళ్లినప్పుడు తడిగట్టు కనబడితే వంగి చూడండి. 2008లో పక్షుల అభయారణ్యమైన చోటది, ఏ మొక్కనూ పీకకండి. మొత్తం మొక్క, ఆకు మొదలు, పువ్వు ముందువైపు, పక్కవైపు ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టండి. అనుమానం మిగిలితే నిపుణులు ఎండబెట్టి భద్రపరిచిన నమూనాలతో సరిచూస్తారు. 1955లో పుదుచ్చేరిలో మొదలైన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటి నమూనాల హెర్బేరియం ఉంది. గట్లకు సిమెంటు వేసి, గడ్డిమందు కొడితే ఈ మొక్కకు చోటుండదు. ఎక్కడ ఉందో రాసిపెట్టుకుంటేనే ఆ గట్టును కాపాడమని అడగగలం.