తోకాడించే తోడు... టైముందా మీకు?

రాత్రి తొమ్మిదింటికి హైటెక్‌సిటీ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి ఫ్లాటు తాళం తీయగానే, పరుగున వచ్చి కాళ్లకు చుట్టుకుంటుంది ఓ బుజ్జి ప్రాణి. 'ఇంతసేపు ఎక్కడికెళ్లావ్‌?' అన్నట్టు చూసే ఆ కళ్లని చూస్తే చాలు... మేనేజరూ, డెడ్‌లైనూ అన్నీ హుష్‌కాకి!

1998లో సైబర్‌ టవర్స్‌ మొదలయ్యాక మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలి ఎక్కడెక్కడి వాళ్లనో లాక్కొచ్చాయి. అమ్మానాన్నలు భీమవరంలోనో కరీంనగర్‌లోనో ఉంటారు. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. ఊళ్లో కుక్కని పెంచేది కాపలా కోసం. ఇక్కడ కాపలాకి సెక్యూరిటీ గార్డూ సీసీ కెమెరా ఉన్నాయి. కావాల్సిందల్లా మన కోసం ఎదురుచూసే ఓ ప్రాణం.

చిక్కంతా ఇక్కడే. మెత్తటి పరుపులూ, విదేశీ బిస్కెట్లూ ఆ ప్రాణికి అక్కర్లేదు. దానికి కావాల్సింది మనిషి. ఐటీ ఉద్యోగి ఏమైనా కొనగలడు, ఒక్క టైము తప్ప!

2020 లాక్‌డౌన్‌లో ఆ ఇబ్బందీ లేకపోయింది. లాప్‌టాప్‌ ముందు యజమాని, కాళ్ల దగ్గర కుక్కపిల్ల. అప్పుడు ఇళ్లకొచ్చిన పిల్లలు లోకమంటే ఇదే అనుకున్నాయి. తర్వాత ఆఫీసులు రమ్మన్నాయి. రోజుకి పది గంటలు ఒంటరిగా ఉండాల్సిన కుక్క సోఫా చింపుతుంది, తలుపు గీకుతుంది, ఆగకుండా అరుస్తుంది. అది పొగరు కాదు, బెంగ. పాపం, ఆ మాట చెప్పుకోలేదు కదా.

మంచుకుక్కకి మండుటెండ

2003లో హచ్‌ ప్రకటన రాగానే అందరి కళ్లూ పగ్‌ మీద పడ్డాయి. దాని చప్పిడి ముక్కు ముద్దుగానే ఉంటుంది కానీ, ఆ ముక్కుతో ఎండాకాలం ఊపిరి తీసుకోవడమే దానికి కష్టం. ఆ తర్వాత హస్కీ మోజొచ్చింది. సైబీరియా మంచులో బళ్లు లాగడానికి పుట్టిన జాతిని నలభై డిగ్రీల హైదరాబాద్‌కి తెచ్చి, ఏసీ గదిలో పెట్టి పెంచడం ప్రేమో, ముచ్చటో వాళ్లకే తెలియాలి. మన ఎండలకి అలవాటుపడ్డ వీధికుక్క పిల్లని దత్తత తీసుకునేవాళ్లూ ఉన్నారు. 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూక్రాస్‌ లాంటి సంస్థలు చెబుతూ వస్తున్నదీ అదే.

పెంచుకునే హక్కుకి ఢోకా లేదు. కుక్కలు వద్దంటూ అపార్ట్‌మెంట్‌ సంఘాలు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ కుక్కల కోసం ప్రత్యేకంగా పార్కే కట్టింది. కానీ బాధ్యత మాటేమిటి? 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఓ డెలివరీ యువకుడు, ఆర్డరిచ్చిన ఇంటి కుక్క మీదికొస్తుంటే భయంతో మూడో అంతస్తు నుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తలుపు తీసేముందు కుక్కని కట్టేయడం ఎంతసేపు పని? రేబిస్‌ టీకా, లైసెన్సు, బయటికి తీసుకెళ్తే మెడకి పట్టీ, అది చేసిన మురికిని ఎత్తేయడం... ఇవన్నీ పెంచేవాళ్ల పనులే. పనిమనిషివో, వాచ్‌మన్‌వో కావు.

ఆన్‌సైట్‌ వస్తే?

కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఈ కారిడార్‌లో ఒకే కంపెనీలో అన్నేళ్లు ఉండేవాళ్లెందరు? అమెరికా అవకాశం రాగానే ఇంట్లో మొదట తలెత్తే ప్రశ్న 'మరి దీన్నేం చేద్దాం?' తీసుకెళ్లడం అంత తేలికేం కాదు. 2024 ఆగస్టు నుంచి అమల్లోకొచ్చిన అమెరికా నిబంధనల ప్రకారం మన దేశం నుంచి వెళ్లే కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలి. మైక్రోచిప్‌, రేబిస్‌ టీకా పత్రాలు తప్పనిసరి. ఈ పనులు నెలల ముందే మొదలుపెట్టాలి. లేదా ఊళ్లో నాన్నగారిని ఒప్పించాలి.

రెండూ కుదరనివాళ్లలో కొందరు ఓ రాత్రి కారులో ఎక్కించుకెళ్లి ఎక్కడో దింపేసి వస్తారు. గిన్నెలో అన్నానికి అలవాటైన ఆ జీవికి వీధి తెలియదు, అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు. ఇలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మాదాపూర్‌ కెఫేలో కాఫీ కూడా రాదు ఆ డబ్బుకి!