పాత నాగలిని పారవేయవలదు

గోదావరి డెల్టాలో ట్రాక్టరులు, వరికోత యంత్రములు వచ్చిన పిదప నాగలి, కాడి, గూడ, ఏతము మున్నగునవి పశువులపాక మూలలకును, పొయ్యిలోనికిని చేరుచున్నవి. యంత్రముల వలన రైతు శ్రమ తగ్గుట మంచిదే. కాని పనిముట్లతోపాటు వానిని చేయు నేర్పును, వాడు నేర్పును పోవుచున్నవి. మేడికి ఏ కర్ర పనికివచ్చునో, దమ్మునాటికి కాడి నెట్లు బిగింపవలెనో ఎరిగిన పెద్దలు కొలదిమందియే మిగిలియున్నారు. వారుండగనే పూనుకొనవలసిన కార్యమిది.

ఇందుకు మన చెంతనే ఒక ఉదాహరణము కలదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట, కరవు కాటకములను చవిచూచిన యీ సీమను ధాన్యాగారముగా మార్చినది. తరువాతి కాలమున దాని స్థానమున బారేజి వెలసినది. అయినను పాత ఆనకట్ట చరిత్ర మరుగున పడలేదు. ధవళేశ్వరములోని కాటన్ మ్యూజియము దానిని చూపరులకు తెలుపుచున్నది. ఏటేట మే 15న కాటన్ జయంతినాడు రైతులు ఆయన విగ్రహములకు పూలమాలలు వేయుదురు. ఆనకట్టను స్మరించు మనము, ఆ నీటితో పంట పండించిన రైతుల, కూలీల, వడ్రంగుల, కమ్మరుల చేతిపనిని మరువవచ్చునా? స్వీడను దేశమున 1891లోనే పల్లెయిండ్లను, పనిముట్లను ఒకచోట చేర్చి స్కాన్సెన్ అను ప్రదర్శనశాలను స్థాపించిరి.

ఇది పంచాయతీ పరిధికి వెలుపలి విషయము కాదు. 73వ రాజ్యాంగ సవరణముచే చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో సాంస్కృతిక కార్యక్రమములు, సామాజిక ఆస్తుల నిర్వహణము కూడ కలవు.

పని యెట్లు సాగవలెను? మొదట గ్రామసభలో విషయమును చర్చించి, వాడుకలో లేని గది నొకదానిని ఎన్నుకొనవలెను. అది వరదనీరు చేరని మెరకనుండుట ముఖ్యము. వస్తువునిచ్చు వారికి రసీదు నీయవలెను; అది దానమో, ఎరువో అందు స్పష్టముగా వ్రాయవలెను. లేనిచో మున్ముందు తగవులు పుట్టును.

బాగుచేయుటకు యువకులు శ్రమదానము చేయవచ్చును. కర్ర వస్తువులను నీటితో కడుగక, మెత్తని కుంచెతో మట్టిని దులిపి నీడలో ఆరబెట్టవలెను. చెదలు పట్టిన దానిని వేరుగా నుంచవలెను. ఇనుప కర్రుకు, కొడవలికి పట్టిన తుప్పును పొడిగా రుద్ది తీసి, పలుచగా నూనె పూయవలెను. అందము కొరకు రంగులు వేయరాదు. వాడుకలో అరిగిన గుర్తులే దాని చరిత్ర. నేలపై గాక, ఇటుకలమీద పలకలు పరచి వస్తువుల నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మాటలను భద్రపరచుట. వస్తువు పేరు, చేసిన కర్ర, వాడిన పని, ఎవరి యింటినుండి వచ్చినది అను వివరములను పెద్దలనడిగి బడిపిల్లలచే వ్రాయింపవలెను. కుంచము, అడ్డ, మానిక, తవ్వ, సోలలను వరుసగా నుంచి కొలిచి చూపినచో పిల్లలకు పాత లెక్కలు సులభముగా బోధపడును.

ఏరువాక పున్నమనాడు, సంక్రాంతినాడు గది తలుపులు తెరచి పెద్దలచే నాగలి పూన్చి చూపించుడు. తాళము వేసిన గదిలోని నాగలి వట్టి కర్రయే. మనుమనికి తాత చూపిన నాగలి పాఠమగును. సభ్యులు రాబోవు గ్రామసభలోనే దీనిని ప్రస్తావింతురుగాక.