ఓడ పెట్టెలో ఇల్లు

తూత్తుకుడి రేవు నుంచి మదురై వైపు వచ్చే రహదారి మీద పొడవైన ఉక్కు పెట్టెలను మోసుకొని పోయే లారీలను మీలో చాలామంది చూసే ఉంటారు. కోయంబత్తూరు పిల్లలకు ఇరుగూరు దగ్గర ఇటువంటి పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి కనిపిస్తాయి. నూలు, బట్టలు, యంత్ర భాగాలు వీటిలో పెట్టి ఓడలలో పరదేశాలకు పంపుతారు. ఈ పెట్టెను కంటెయినర్ అంటారు. సరకు మోసే పని తీరిపోయిన కంటెయినర్లను కొని, తలుపులూ కిటికీలూ అమర్చి ఇళ్లుగా మార్చుకోవటం నేడు అనేక దేశాలలో జరుగుతున్నది. తక్కువ ఖర్చుతో, కొద్ది వారాలలోనే ఇల్లు సిద్ధమవుతుందని దీనిని మెచ్చుకొనేవారు చెబుతారు. మన ఎండకు, మన వీధులకు అది ఎంతవరకు నప్పుతుంది?

ముందుగా పెట్టె కథ. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ రేవు నుంచి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెట్టెలతో హ్యూస్టన్‌కు బయలుదేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమానికి తట్టిన ఆలోచన ఇది. అంతవరకు మూటలను కూలీలు ఒక్కొక్కటిగా మోసి ఓడలో పేర్చేవారు. ఆ పనికి రోజులు పట్టేది. తరువాత పెట్టెల కొలతలు ప్రపంచమంతటా ఒక్కటే అయ్యాయి. పొడవు 20 లేదా 40 అడుగులు, వెడల్పు 8 అడుగులు, ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. ఇంకొక అడుగు ఎత్తు ఎక్కువ ఉన్న రకం కూడా ఉంది.

2006లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో విద్యార్థుల కోసం ఇటువంటి పెట్టె గదులు సుమారు వెయ్యి అమర్చారు. 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ఖతార్ దేశం 974 కంటెయినర్లు వాడి ఒక ఆటస్థలం కట్టి, దానికి ఆ సంఖ్యనే పేరుగా పెట్టింది. ఆ దేశపు టెలిఫోను సంకేతం కూడా 974. తెలుగునేల మీద చూస్తే, తెలంగాణలోని ములుగు జిల్లా బంగారుపల్లిలో 2024లో ఒక కంటెయినర్‌లో బడి తెరిచారు. అది అడవి ప్రాంతం; పక్కా కట్టడానికి అటవీ నిబంధనలు అడ్డువచ్చాయి. పెట్టెకు ఆ చిక్కు లేదు. తెచ్చి దించితే చాలు, అవసరం తీరితే ఎత్తుకొని పోవచ్చు.

కోయంబత్తూరు వారికి ఈ వేగం కొత్త కాదు. కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టిన జి. డి. నాయుడు (1893–1974) పొద్దున పునాది మొదలుపెట్టి సాయంకాలానికి ఇల్లు పూర్తి చేయించారని ఆ ఊరివారు నేటికీ చెప్పుకొంటారు. అటువంటి పని సాధ్యం కావాలంటే భాగాలన్నీ ముందే తయారుగా ఉండాలి. ఎవరు ఏ పని ఎప్పుడు చేయాలో ముందే నిర్ణయించి ఉండాలి. కంటెయినర్ ఇంటిలో నిజంగా ఆదా అయ్యేది కూడా ఈ కాలమే. డబ్బు ఎంత ఆదా అవుతుందన్నది వేరే లెక్క.

పెట్టెకు బలమంతా నాలుగు మూలల నిలువు కంబాలలో ఉంటుంది. సరకుతో నిండిన పెట్టెలను ఎనిమిది వరుసల ఎత్తు వరకు పేర్చినా ఆ కంబాలు బరువును మోస్తాయి. కాని గోడలు, పైకప్పు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మడతల రేకు మాత్రమే. ఆ మడతలే రేకుకు బిగువు ఇస్తాయి. కిటికీ కోసం గోడను కోస్తే ఆ బిగువు తగ్గుతుంది. కోసిన చోటు చుట్టూ ఉక్కు చట్రం వెల్డింగ్ చేయాలి. రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టి నడిమి గోడ తీసివేస్తే కప్పు కుంగకుండా దూలం వేయాలి. ఇలా ఒక్కొక్క కోతా ఖర్చును పెంచుతుంది. పెట్టె ధర చూసి ఇంటి ధర అనుకొనేవారు ఇక్కడే మోసపోతారు.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి నేల. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానితోపాటు ఇటుక గోడలూ పగులుతాయి. కంటెయినర్‌ను మూలల కింద లోతుగా దింపిన దిమ్మెల మీద నిలిపితే నేల కదలిక దానిని అంతగా బాధించదు.

ఇక ఎండ సంగతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో చలిని ఆపితే సరిపోతుంది. మదురైలో చిత్తిరై ఉత్సవం నాటికి ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉక్కు ఇటుక కంటె యాభై రెట్లకు పైగా సులభంగా వేడిని లోపలికి పంపుతుంది. తిరుమల నాయకుని మహలులోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టినా చల్లగా ఉండటానికి కారణం దాని మందమైన గోడలు, ఎత్తయిన కప్పు. మన పాత తొట్టికట్టు ఇళ్లలో తిన్నె నీడనిచ్చేది, నడుమ ఉన్న ముంగిలి వేడి గాలిని పైకి పంపేది. చిన్న ఇటుకలను సున్నంతో అతికి, దూలాల మీద పరిచి కట్టిన మద్రాసు మిద్దె మధ్యాహ్నపు వేడిని వెంటనే దిగనిచ్చేది కాదు. రేకు పెట్టెకు ఇవేవీ లేవు. వాటిని మనమే కల్పించాలి.

అందరూ మొదట చేసే పని, లోపలి వైపు దూది వంటి రాతి ఉన్నిని గాని నురుగు పలకలను గాని అతికి, దానిపై చెక్క పలక వేయటం. ఇది అవసరమే. కాని పెట్టె లోపలి వెడల్పు ఏడు అడుగుల తొమ్మిది అంగుళాలకు మించదు. రెండు వైపులా రెండు మూడు అంగుళాలు పోతే మంచం వేసిన తరువాత నడవటానికి మిగిలేది కొంచెమే. అంతకంటె చవకైన ఉపాయం, పెట్టెకు పైన అడుగున్నర ఎడంతో మరొక కప్పు వేయటం. అది కొబ్బరాకు పందిరైనా సరే, పెంకైనా సరే. ఎండ పై కప్పు మీద పడుతుంది. నడుమ వీచే గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఆ పందిరినే ముందుకు చాచితే తిన్నె కూడా దొరుకుతుంది. పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండేటట్లు నిలిపితే ఉదయం, సాయంకాలం ఎండ చిన్న గోడల మీదనే పడుతుంది. కోయంబత్తూరులో పాలక్కాడు కనుమ గుండా వచ్చే పడమటి గాలిని లోనికి రానివ్వటానికి ఆ చిన్న గోడలో కిటికీ ఉంచి, దానికి చూరు దింపాలి.

40 అడుగుల పెట్టె లోపలి నేల సుమారు 300 చదరపు అడుగులు. 2024లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన కలైఞర్ కనవు ఇల్లం పథకంలో ఇల్లు 360 చదరపు అడుగులు. అందులో 300 అడుగులకు కాంక్రీటు కప్పు ఉండాలి. కనుక పెట్టె ఇల్లు ఆ లెక్కలోకి రాదు. మరొక చిక్కు వీధి. మన పాత తెలుగు వీధులలో అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన స్థలాలు చాలావరకు సన్నగా, పొడవుగా ఉంటాయి. కొలత చూస్తే పెట్టె చక్కగా పడుతుంది. కాని 40 అడుగుల లారీ ఆ మలుపు తిరగాలి, క్రేను చేయి చాచటానికి పైన తీగలు లేకుండా ఉండాలి. ఇరువైపులా పొరుగు గోడలుంటే కిటికీలకు చోటెక్కడ?

అటువంటి స్థలానికి ఇటుక గోడే మేలు. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ (1917–2007) అనే వాస్తుశిల్పి ఇటుకలను పడుకోబెట్టక అంచు మీద నిలిపి, గోడ నడుమ ఖాళీ వదిలి కట్టించాడు. దీనిని ఎలుకబోను కట్టు అంటారు. సుమారు నాలుగోవంతు ఇటుకలు మిగులుతాయి. నడుమ ఉన్న గాలి వేడిని ఆపుతుంది. మన ఊరి మేస్త్రీ కొద్ది రోజులలో నేర్చుకోగల పని ఇది.

తోటలో కాపలా గది, వర్క్‌షాపు పక్కన ఆఫీసు, కౌలు నేలలో కొన్నేళ్ల నివాసం, వీటికి కంటెయినర్ బాగా పనికివస్తుంది. కొనేవారు అందులో ఇదివరకు ఏ సరకు పోయిందో అడిగి తెలుసుకోవాలి. నేల పలకలకు చెదలు పట్టకుండా విషపు మందు పట్టించి ఉంటారు. వాటిని తీసివేయటమో, పైన గట్టి పొర వేయటమో చేయాలి. ఇల్లంతా ఉక్కే కాబట్టి ఒక్క తీగ తొడుగు ఊడినా గోడంతటికీ కరెంటు పాకుతుంది. అందుచేత విద్యుత్తు కలపకముందే పెట్టె చట్రానికి ఎర్తింగ్ చేయించాలి.