విడాకుల టెన్షన్‌తో మనసు కుంగిపోతోందా? కరీంనగర్, ఆదిలాబాద్‌లో ఎక్కడ చూపించుకోవాలి.. డాక్టర్ చీటీ కోర్టులో అడ్డొస్తుందా?

కాపురంలో గొడవ ముదిరితే మన దగ్గర ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. అక్కడ తేలకపోతే పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్. ఆ తర్వాత వకీలు, కోర్టు వాయిదాలు. ఇన్ని చోట్లకు తిరిగే మనిషి నెలల తరబడి నిద్రపోకున్నా, అన్నం సయించకున్నా సైకియాట్రిస్ట్ దగ్గరికి మాత్రం వెళ్లరు. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి.. "మెంటల్ డాక్టర్‌కు చూపించుకుంటే ఆ చీటీ తీసుకెళ్లి అవతలివాళ్లు కోర్టులో పెడతారు" అనే భయం. రెండోది.. "ఆ డాక్టర్లు హైదరాబాద్‌లోనే కదా ఉండేది" అనే అపోహ. ఈ రెండింటిలో నిజమెంతో చూద్దాం.

ఇది మామూలు బాధేనా? ట్రీట్‌మెంట్ కావాలా?

పెళ్లి విడిపోతే బాధ పడటం జబ్బు కాదు. 1967లో అమెరికన్ సైకియాట్రిస్టులు హోమ్స్, రాహే జీవితంలో వచ్చే ఒత్తిళ్లకు పాయింట్లు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు, విడాకులకు 73. అంటే చావు తర్వాత రెండో స్థానం దీనిదే. అందుకే ఏడుపు రావడం, కోపం రావడం, కొన్నాళ్లు ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం సహజమే.

ఎప్పుడు జాగ్రత్త పడాలి? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే, ఆకలి చచ్చిపోతే, ఉద్యోగానికో పొలం పనికో వెళ్లలేకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి. గుండె దడదడలాడటం, ఊపిరాడనట్టు అనిపించడం పదే పదే వస్తున్నా ఇంతే. రాత్రి తాగితే తప్ప నిద్ర పట్టని స్థితికి వచ్చినా ఆలస్యం చేయొద్దు. చనిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు కాదు కదా, ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసే అర్హత వీళ్లకు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో థెరపీ చేస్తారు. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మరి కోర్టులో చేసే కౌన్సెలింగ్? అది వేరు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం జడ్జి ముందు రాజీకి ప్రయత్నించాలి. కోర్టు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడేది అందుకే. పోలీస్ స్టేషన్‌లో జరిగేదీ దాదాపు అంతే. వాళ్ల దృష్టి కాపురం నిలబడుతుందా లేదా అన్నదాని మీద ఉంటుంది. మీకు నిద్ర పడుతుందా లేదా అన్నది వాళ్ల లెక్కలోకి రాదు. కాబట్టి "కౌన్సెలింగ్ అయింది కదా" అని డాక్టర్‌ను వదిలేయొద్దు.

దగ్గర్లో ఎక్కడున్నాయి?

ఒకప్పుడు ఉత్తర తెలంగాణలో మానసిక వైద్యం అంటే ఎర్రగడ్డే. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. పైగా "వీణ్ని ఎర్రగడ్డకు తీసుకపోవాలె" అనేది మన దగ్గర తిట్టు. దీంతో వెళ్లాల్సినవాళ్లు కూడా వెనకడుగు వేసేవాళ్లు.

ఇప్పుడు పరిస్థితి మారింది. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉండే ఆస్పత్రిలో సైకియాట్రీ కూడా ఒక విభాగం. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచి ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మంచిర్యాలకు 2022లో, నిర్మల్, ఆసిఫాబాద్‌కు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్‌లో జగిత్యాల, రామగుండంలో 2022లో, కరీంనగర్, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. ప్రైవేటులో కరీంనగర్ పక్కనే బొమ్మకల్‌లో చల్మెడ, నగునూర్‌లో ప్రతిమ మెడికల్ కాలేజీల ఆస్పత్రులున్నాయి.

ప్రభుత్వ దవాఖానకు పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకుని "సైకియాట్రీ" అని చెబితే చాలు. కొత్త కాలేజీల్లో ఏ రోజుల్లో డాక్టర్ ఉంటారో ముందే కనుక్కుని వెళ్తే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు మిగులుతాయి. థెరపీకి మాత్రం చాలాసార్లు వెళ్లాల్సి వస్తుంది. దగ్గర్లో సైకాలజిస్ట్ దొరక్కపోతే మొదటిసారి నేరుగా కలిసి, తర్వాత వీడియో కాల్‌లో మాట్లాడే వీలుందా అని అడగండి.

ఎక్కడికీ వెళ్లలేకపోతే 14416

ఇంట్లోవాళ్లకు చెప్పలేని పరిస్థితి కొందరిది. తల్లిగారింట్లో ఉంటున్న ఆడపిల్లలకు ఒంటరిగా దవాఖానకు వెళ్లడం కూడా కష్టమే. ఇలాంటివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ సేవలు మొదలుపెట్టింది. 14416 నంబర్‌కు ఏ సమయంలోనైనా ఫ్రీగా ఫోన్ చేయొచ్చు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ సహా 20 భాషలున్నాయి. మహారాష్ట్ర సరిహద్దు మండలాల వాళ్లకు మరాఠీ ఉండటం బాగా పనికొస్తుంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే స్పెషలిస్ట్‌కు కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి పంపిస్తారు.

అసలు ప్రశ్న.. చీటీ కోర్టులో అడ్డొస్తుందా?

హిందూ వివాహ చట్టంలో మానసిక అనారోగ్యం విడాకులకు ఒక కారణంగా ఉన్నమాట నిజం. భయమంతా అక్కడి నుంచే వస్తోంది. కానీ ఆ సెక్షన్ పూర్తిగా చదవాలి. జబ్బు ఉంటే సరిపోదు. ఆ మనిషితో కలిసి బతకడం సాధ్యం కాదనేంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలి.

ఒక తెలుగు జంట కేసే దీనికి ఉదాహరణ. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని, విడాకులు ఇప్పించాలని భర్త కోర్టుకెక్కారు. కేసు అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 2013లో సుప్రీంకోర్టు భర్తకు విడాకులు ఇవ్వలేదు. ట్రీట్‌మెంట్‌తో అదుపులో ఉండే జబ్బును పట్టుకుని విడాకులు అడగడం కుదరదని తేల్చింది. స్కిజోఫ్రీనియా కేసులోనే అలా అయితే, విడాకుల ఒత్తిడికి నిద్ర పట్టక డాక్టర్‌కు చూపించుకున్న చీటీ ఒక్కటే ఏం రుజువు చేస్తుంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా చెబుతోంది. ఒకరికి మానసిక జబ్బు ఉందని డాక్టర్ తేల్చినా, కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ మనిషిని మతి స్థిమితం లేనివాళ్లుగా చూడకూడదు. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలి. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో, అధికారం ఉన్న కోర్టో సంస్థో ఆదేశిస్తేనో తప్ప బయటికి ఇవ్వకూడదు. మీ భర్తో, భార్యో, అత్తగారివాళ్లో వెళ్లి అడిగితే ఇచ్చే కాగితాలు కావవి.

అవతలి వకీలు ఈ విషయం ఎత్తనే ఎత్తరని కాదు. ఎత్తొచ్చు. అందుకే ట్రీట్‌మెంట్ గురించి మీ వకీలుకు ముందే చెప్పండి, చీటీలన్నీ వరుసగా దాచుకోండి. పిల్లల కస్టడీలోనూ కోర్టు ముఖ్యంగా చూసేది పిల్లల మేలునే. డాక్టర్ చెప్పినట్టు మందులు వాడుతూ ఇల్లు, ఉద్యోగం చూసుకుంటున్న తల్లికో తండ్రికో ఆ చీటీ ఒక్కటే అనర్హత అయిపోదు.

మాత్రలు అలవాటైపోతాయా?

అందరికీ మాత్రలు రాయరు. మాట్లాడితే సరిపోయేవాళ్లూ ఉంటారు. డిప్రెషన్ మందులు పని చేయడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. వారానికే "గుణం లేదు" అని ఆపేయొద్దు. కాస్త బాగైందని సొంతంగా మానేయొద్దు కూడా. అలవాటయ్యే ప్రమాదం ఎక్కువగా ఉన్నది అల్‌ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలతో. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఊళ్లో ఆర్‌ఎంపీనో, మెడికల్ షాపునో అడిగి వాడితే అసలు జబ్బు అలాగే ఉండి కొత్త సమస్య తోడవుతుంది.

థెరపీలో ఏం జరుగుతుంది? సైకాలజిస్ట్ తీర్పు చెప్పరు. "తప్పంతా నాదే", "ఇక నా బతుకింతే" లాంటి ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీతోనే విడదీయిస్తారు. వాయిదా రోజు ఎలా తట్టుకోవాలి, చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగితే ఏం చెప్పాలి లాంటి చిన్న విషయాలను కూడా సాధన చేయిస్తారు.

కోర్టుకు వెళ్లని విడాకుల సంగతేంటి?

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇది ముఖ్యం. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. గూడెంలో పెద్దల ముందు, కుల ఆచారం ప్రకారం విడిపోవడం అక్కడ ఉంది. ఒక్క రోజు పంచాయితీతో అంతా ముగిసినట్టే కనిపిస్తుంది. మనసులో బాధ మాత్రం ఆ రోజే మొదలవుతుంది. అక్కడ కోర్టు కౌన్సెలర్ కూడా ఉండరు. ఆశా కార్యకర్తకో, పీహెచ్‌సీ డాక్టర్‌కో చెబితే రిమ్స్‌కు రాయించుకోవచ్చు.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

మానసిక ఒత్తిడికి టెలీ మానస్: 14416.
ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్: 181. సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్‌తో పాటు తాత్కాలిక ఆశ్రయం, న్యాయ సాయం దొరుకుతాయి.
ఉచిత న్యాయ సాయం: 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు.
పిల్లలకు సంబంధించి: 1098.

ఇంట్లో ఎవరైనా "నేను పోతే అందరికీ పీడ విరగడైతది" అంటే బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు డబ్బాలు, మాత్రలు అందకుండా తీసేయండి. ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, వాళ్లకు సాయం అందించాలని 2017 చట్టమే చెబుతోంది. కేసు అవుతుందేమోనన్న భయంతో దవాఖానకు తీసుకెళ్లడం ఆపొద్దు.

విడాకుల కేసు తేలడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. తీర్పు వచ్చాక చూపించుకుందాంలే అని ఆగకండి. వచ్చే వాయిదాకు ముందే ఒకసారి ఓపీకి వెళ్లి రండి.