మెదడులోని రక్తనాళపు బుడగ

సూరతు నగరమునకు ఉత్తరమున, ముంబాయి–అహమ్మదాబాదు రైలుమార్గముపై కిమ్ అను ఊరు కలదు. ఆ చుట్టుపట్ల మరమగ్గముల శాలలు మెండు. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన నేత కుటుంబములు సూరతు ప్రాంతమున అనేకము స్థిరపడినవి. మగ్గముల చప్పుడు నడుమ పనిచేయువారికి తలనొప్పి వింత కాదు. టీ త్రాగి, మాత్ర మ్రింగి, మరల పనికి పోవుదురు. కాని ఒక తలనొప్పి అట్టిది కాదు. అది పిడుగుపడినట్లు క్షణములో వచ్చును. అంతటి బాధ జన్మలో ఎరుగమని రోగి చెప్పును. వాంతి, మెడ బిగియుట, స్పృహ తప్పుటయు కలుగవచ్చును.

కారణమేమి?

మెదడులోని ధమని గోడ ఒకచోట బలహీనపడి, పాత సైకిలు ట్యూబువలె ఉబ్బును. దీనిని అన్యూరిజమ్ అందురు. నూరుగురు పెద్దలలో సుమారు ముగ్గురికి ఇట్టి బుడగ ఉండవచ్చును. వీనిలో పెక్కు ఎన్నడును పగులవు. పగిలినచో మెదడు చుట్టును రక్తము చేరి ప్రాణాపాయము కలుగును.

ఎట్లు కనిపెట్టుదురు?

1927లో పోర్చుగీసు వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు ధమనులలోనికి ద్రవమెక్కించి ఎక్స్‌రే చిత్రము తీసెను. అయితే అది నీడవంటిది. నాళముపై నాళము పడి, వంపు బుడగవలెను, బుడగ వంపువలెను తోచును. 1971లో లండనులో రోగికి తొలిసారి జరిపిన సీటీ స్కాను ఈ చిక్కు వీడుటకు దారి చూపెను.

నేడు మొదట సాధారణ సీటీ స్కానుతో రక్తస్రావమున్నదేమో చూతురు. పిదప చేతి సిరలోనికి ద్రవమెక్కించి, తలను పలుచని పొరలుగా చిత్రింతురు. కంప్యూటరు ఆ పొరలను పేర్చి, నాళములను చెట్టుకొమ్మలవలె తెరపై నిలుపును. ఈ త్రిపరిమాణ చిత్రమును వైద్యుడు నలువైపుల త్రిప్పి, బుడగ ఎచటనున్నది, ఎంతయున్నది, దాని మెడ సన్ననిదా వెడల్పైనదా పరిశీలించును. తల తెరచి క్లిప్పు బిగించుటయా, ధమని మార్గమున సన్నని తీగచుట్టలు పంపి బుడగను పూడ్చుటయా అనునది నిర్ణయించుటకు ఇది తోడ్పడును. 3 మిల్లీమీటర్లకు లోబడిన బుడగ ఇందు కనబడకపోవచ్చును. అట్టి అనుమానమున్నచో, ధమనిలోనికి సన్నని గొట్టము పంపి, తల చుట్టును ఎక్స్‌రే యంత్రమును త్రిప్పి చిత్రములు తీయుదురు.

ఎవరికి అవసరము?

ప్రతి తలనొప్పికిని ఈ పరీక్ష అక్కరలేదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో ఇద్దరికైనను ఈ వ్యాధి వచ్చినవారును, వంశపారంపర్యముగా మూత్రపిండములలో నీటితిత్తులు గలవారును వైద్యుని సంప్రదింపవలెను. గర్భిణులు, మూత్రపిండముల జబ్బు గలవారు ఆ సంగతి పరీక్షకు ముందే తెలుపవలెను. పొగ త్రాగుట మానవలెను. రక్తపోటును అదుపులో నుంచుకొనవలెను.

పిడుగువంటి తలనొప్పి వచ్చినచో షిఫ్టు ముగియువరకు ఆగరాదు, ఆస్పిరిన్ మ్రింగరాదు. పగిలిన బుడగనుండి మరల రక్తస్రావమగు అపాయము మొదటి 24 గంటలలోనే హెచ్చు. వెంటనే 108కు ఫోను చేసి, సీటీ స్కాను గల ఆసుపత్రికి చేరవలెను.