చెయ్యి చూసి చెప్పేది

12 ఏళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని ఒక తెలుగు తండ్రి మా క్లినిక్‌కి వచ్చారు. కుర్రాడు బేస్‌బాల్‌లో పిచ్చర్. కూర్చోకముందే "ఎమ్మారై రాసెయ్యండి, డాక్టరుగారూ!" అన్నారాయన. కుర్రాడేమో నొప్పే లేదంటాడు. శనివారం టోర్నమెంటు ఉంది మరి!

"సచిన్‌కి వచ్చిందే కదండీ ఇది?" అని తండ్రి సందేహం. కాదు. 2005లో సచిన్ ఆపరేషన్ చేయించుకున్న టెన్నిస్ ఎల్బో మోచేతికి బయటివైపు వస్తుంది. పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమని, మనం కిందికి నొక్కితే అక్కడ కలుక్కుమంటుంది. బంతి విసిరేవాళ్ళ బాధ లోపలివైపు. విసురుకి కీలు అటు తెరుచుకోబోతుంటే ఒక లిగమెంటు పట్టి ఆపుతుంది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్, టామీ జాన్ అనే పిచ్చర్‌కి తెగిపోయిన ఆ లిగమెంటు బదులు రెండో ముంజేతి నుంచి స్నాయువు తీసి అమర్చాడు. ఆ ఆపరేషన్‌కి రోగి పేరే స్థిరపడింది!

నేను ముందు బాగున్న చేతినే చూస్తాను, పోల్చుకోడానికి. తర్వాత నొప్పి చేతిని 20, 30 డిగ్రీలు మడిచి, ముంజేతిని బయటికి నెడతాను. పూర్తిగా చాపి ఉంటే ఎముకలే ఒకదాన్నొకటి పట్టేసి, లిగమెంటు లోపం బయటపడనివ్వవు. ఇంకో పరీక్ష 2005లో ఓడ్రిస్కాల్ బృందం వివరించింది. చేతిని భుజం ఎత్తుకి పక్కకి లేపి, మోచేతిని పూర్తిగా మడిచి, అదే వత్తిడి వదలకుండా చకచకా చాపాలి. లిగమెంటు దెబ్బతింటే 120 నుంచి 70 డిగ్రీల మడత మధ్య నొప్పి పుడుతుంది, అచ్చం విసిరేటప్పటిలాగే. అప్పుడు నేను చూసేది వాళ్ళ ముఖం. చిటికెనవేలు తిమ్మిరెక్కుతోందా అని కూడా అడుగుతాను, నరం ఆ పక్కనుంచే పోతుంది కనక.

అయితే ఎదిగే పిల్లల్లో లిగమెంటు కన్నా అది అతుక్కున్న ఎముక దగ్గరి గ్రోత్ ప్లేటే బలహీనం. ముందు దెబ్బతినేది అదే. లోపలివైపు బొడిపె మీద వేలు పెట్టి కాస్త నొక్కానో లేదో, కుర్రాడు చెయ్యి లాక్కున్నాడు. ఎమ్మారై పక్కనపెట్టి ముందు రెండు మోచేతులకీ ఎక్స్‌రే రాశాను. ఆరు వారాలు బంతి విసరకూడదన్నాను.

"రోజుకి ఎన్ని విసురుతున్నాడు?" అనడిగాను. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85 పరిమితి. "అంతకి మించడండీ" అన్నారు తండ్రి. కుర్రాడు తలొంచుకుని మెల్లిగా అన్నాడు: "ఏ టీమ్‌లో?"